తాళం వాట్సాప్‌కు, ఫోటోలు గ్యాలరీలో: ఒక ఆశా కార్యకర్త ఫోన్ కేస్ స్టడీ

ఈ కేసు గుంటూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో పనిచేసే ఆశా కార్యకర్తది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గానీ, ఇందులో ప్రస్తావనకు వచ్చే మరొక కుటుంబాన్ని గానీ గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను, కొన్నిటిని మార్చాను. నేను కొన్నేళ్ళుగా మహిళా సంఘాలకు, ఆరోగ్య సిబ్బందికి, చిన్న వ్యాపారులకు ఫోన్ భద్రత నేర్పుతున్నాను. యాప్‌లకు తాళం వేయడం గురించి నన్ను అడిగేవారిలో ఎక్కువమంది ‘మంచి యాప్ లాక్ ఏది?’ అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు ముందు అడగవలసినవి మరి రెండున్నాయని నాకు స్పష్టంగా నేర్పింది ఈ కేసే.

జరిగిన విషయం ఇది. బంధువుల ఇంట పెళ్లి అయిన మర్నాడు, ఆడపడుచు పెళ్లి ఫోటోలు చూస్తానని ఆమె ఫోన్ తీసుకుంది. ఆశా కార్యకర్త గ్యాలరీ తెరిచి, తలంబ్రాల ఫోటో పెట్టి మరీ చేతికిచ్చింది. ఆడపడుచు ఒక్కొక్కటిగా జరుపుకుంటూ వెళ్తే, పెళ్లి ఫోటోల మధ్య ఒక స్కానింగ్ రిపోర్టు వచ్చింది. దానిపైన ఊళ్లోనే ఉన్న, పెళ్లికాని, ఇరవై ఏళ్ళు దాటిన అమ్మాయి పేరు ఉంది. ఆ ముందురోజే ఆ అమ్మాయి తల్లి దాన్ని వాట్సాప్‌లో పంపి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పమని అడిగింది. వారం తిరగకముందే ఆ మాట మూడు వీధులు దాటింది. ఆ తల్లి ఈమె గడపలో నిలబడి, ‘నిన్ను నమ్మి పంపాను కదమ్మా’ అని ఒక్క మాట అని వెళ్లిపోయిందట. నా దగ్గరకు వచ్చిన రోజున ఆశా కార్యకర్త ఆ మాటను నాలుగైదుసార్లు చెప్పింది.

ఆమె అజాగ్రత్త మనిషి కాదు. రెండేళ్ళ క్రితమే వాట్సాప్‌కు తాళం పెట్టుకుంది. ‘తాళం ఉంది కదా సార్, మరి ఎట్లా బయటికి వచ్చింది? ఇది పనిచెయ్యట్లేదు, వేరేది చెప్పండి’ అని అడిగింది. నిజానికి తాళం తన పని తాను చేసింది. ఆ రోజు ఆడపడుచు వాట్సాప్ తెరవనే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటోను దించుకున్నప్పుడు అది ఫోన్ నిల్వలో ఒక ఫైలుగా చేరుతుంది. ‘మీడియా విజిబిలిటీ’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే గ్యాలరీ ఆ ఫైలును కెమెరా ఫోటోల వరుసలో తేదీ ప్రకారం చూపిస్తుంది. ఎవరికైనా బీరువాకు తాళం వేసి, అందులోని కాగితానికి నకలు తీసి బల్లమీద పెట్టే అలవాటు ఉంటే తాళాన్ని తప్పుపట్టలేము. యాప్ లాక్ అనేది యాప్ తెరుచుకునే ద్వారం దగ్గర మాత్రమే నిలబడే కాపలా అని, ఆ యాప్ నుంచి బయటికి వెళ్లిపోయిన ఫోటో, ఫైలు, నోటిఫికేషన్, మరో కంప్యూటర్‌లో తెరిచి ఉంచిన ఖాతా ఇవేవీ ఆ కాపలా కిందికి రావని ఆమెకు ముందుగా వివరించాను.

తర్వాత ఫోన్‌ను పరిశీలించాను. అందులో కనబడినవాటిని వరుసగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇలాంటి ఫోన్లు మన ఇళ్ళల్లో అసాధారణం కాదు.

ఫోన్‌లో నాలుగు వేలిముద్రలు నమోదై ఉన్నాయి. రెండు ఆమెవి, ఒకటి భర్తది, ఒకటి తొమ్మిదో తరగతి చదివే కొడుకుది. వాట్సాప్‌లో ఉండే వేలిముద్ర తాళం ప్రత్యేకంగా ఒక మనిషిని గుర్తుపట్టదు. ఫోన్‌లో నమోదైన ఏ వేలు పెట్టినా తెరుచుకుంటుంది. అంటే ఆమె రెండేళ్ళుగా పెట్టుకున్న తాళానికి ఇంట్లో మూడు తాళంచెవులు ఉన్నాయి, ఆ సంగతి ఆమెకు తెలియదు. పైగా తాళం పడే సమయం ‘30 నిమిషాల తర్వాత’ అని పెట్టి ఉంది. వాట్సాప్ ‘వెంటనే’, ‘1 నిమిషం తర్వాత’, ‘30 నిమిషాల తర్వాత’ అని మూడు ఎంపికలు ఇస్తుంది. మాటిమాటికీ వేలు పెట్టవలసి వస్తోందని విసుగుపుట్టి ఆమే మూడోదానికి మార్చుకుంది. ఆమె సందేశం చూసి ఫోన్‌ను కొడుకు చేతికిస్తే, తర్వాతి అరగంట సేపు ఆ తాళం లేనట్టే.

గ్యాలరీకీ, ఫైళ్ళ యాప్‌కూ తాళం వేసేందుకు ఆమె ప్లే స్టోర్ నుంచి ఒక ఉచిత యాప్ లాక్‌ను వేసుకుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటి యాప్ మరో యాప్‌లోకి చొరబడి తాళం వేయలేదు. ఏ యాప్ తెరుచుకుంటోందో కనిపెట్టే అనుమతి, ఇతర యాప్‌ల మీద తన తెరను పరిచే అనుమతి, చాలాసార్లు యాక్సెసిబిలిటీ అనుమతి కూడా తీసుకుని, మీరు గ్యాలరీ తెరిచిన క్షణంలో దానిమీద తన పిన్ తెరను కప్పుతుంది. కప్పే యాప్ ఆగిపోతే కప్పు ఉండదు. దాన్ని నాకు చూపించింది ఆమె కొడుకే. నేను ఏమీ అడగకముందే ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాప్‌ల జాబితాలో ఆ లాక్‌ను ఎంచి, ‘ఫోర్స్ స్టాప్ కొడితే పోతుంది సార్’ అన్నాడు. వాడి గొంతులో గర్వం లేదు, భయం లేదు. అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పాడు. తల్లి ముఖం చూశాక మాత్రం తలదించుకున్నాడు. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తిరిగి ఆన్ చేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ మోడ్‌లో మనం దించుకున్న యాప్‌లేవీ పనిచేయవు.

ఆ యాప్‌ను నేను తీసివేయించింది బలహీనంగా ఉన్నందుకు మాత్రమే కాదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ తెరమీద కనబడే రాతను చదవగలదు. చూపు సరిగా లేనివారికీ, చేతులు సరిగా కదలనివారికీ సాయపడే యాప్‌ల కోసం ఉన్న శక్తివంతమైన అనుమతి అది. ఆడపడుచు చూడకూడదని, ఎవరు తయారుచేశారో తెలియని, ప్రకటనల మీద నడిచే ఒక యాప్‌కు గర్భిణుల రిపోర్టులు తెరుచుకునే తెర మొత్తం అప్పగించడం ఏ లెక్కన చూసినా నష్టమే. ఫోన్‌లో తయారీదారు ఇచ్చిన యాప్ లాక్ ఉన్నప్పుడు బయటి యాప్ లాక్‌ను వేసుకోవద్దని నేను ఎవరికైనా గట్టిగానే చెబుతాను. షావోమీ, ఒప్పో, రియల్‌మీ, వివో, వన్‌ప్లస్ వంటి సంస్థల ఫోన్లలో అది సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పేరు కొద్దిగా మారుతుంది, అంతే.

గూగుల్ ఫోటోస్‌లో వాట్సాప్ ఫోటోల ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంది. అదే జీమెయిల్ ఖాతా కొడుకు చదువుకునే ట్యాబ్‌లోనూ ఉంది. కాబట్టి ఫోన్ ఎవరూ ముట్టుకోకపోయినా రిపోర్టులు ట్యాబ్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. వాడు వాటిని చూశాడా అని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

ఈ పరిశీలన తర్వాతే ముందు చెప్పిన రెండు ప్రశ్నలు వేశాను. మొదటిది, ఎవరి కంట పడకూడదు? రెండోది, ఆ వ్యక్తి దగ్గర ఇప్పటికే ఏ తాళంచెవి ఉంది?

మొదటి ప్రశ్నకు ఆమె వెంటనే చెప్పిన జవాబు ఆడపడుచు. కొంతసేపు ఆలోచించాక తోడికోడలు, ఇంటికి వచ్చే చుట్టాలు, కొడుకు, చివరకు కొంత సంకోచంతో భర్త అని చెప్పింది. ఆ సంకోచం న్యాయమైనదే. భార్య ఫోన్‌లో భర్త తెరవలేని యాప్ ఉందంటే దాన్ని మన ఇళ్ళల్లో అనుమానంగానే చూస్తారు. కానీ ఇక్కడ దాచవలసింది ఆమె సొంత విషయం కాదు. ఎవరికి నెల తప్పింది, ఎవరు గర్భస్రావం చేయించుకున్నారు, ఎవరి రక్తపరీక్షలో ఏమి వచ్చింది అన్నవి ఊళ్లోని స్త్రీలు ఆమెకు అప్పజెప్పిన విషయాలు. వీటిలో కొన్నిటికి చట్టం కూడా కాపలా ఉంది: 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ఒక వ్యక్తికి ఆ వైరస్ ఉన్న సంగతిని వారి సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. ఆశా కార్యకర్త ఆ సాయంత్రం భర్తతో ఏమని చెప్పాలో నన్ను అడిగింది. నేను చెప్పకముందే తనే అంది: ‘ఇవి నావి కావండీ, ఊళ్లో ఆడపిల్లలవి అని చెబుతాను.’ అంతకంటే మంచి మాట నాకూ తోచలేదు. భర్త ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒప్పుకోని భర్తలు ఉంటారు. తాళం కనబడితే దెబ్బలు పడే ఇంట్లో ఈ పద్ధతిని నేను సూచించను. అక్కడ ఫోన్ సెట్టింగ్ మార్చడానికి ముందు ఆ స్త్రీ భద్రత గురించి మాట్లాడాలి, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరును ఫోన్‌లో కాకుండా మనసులో పెట్టుకోమని చెప్పాలి. ఈ కేసు అలాంటిది కాదు.

రెండో ప్రశ్న ఇంకా చిక్కైనది. ఫోన్ పిన్ భర్తకూ కొడుకుకూ తెలుసు, తెలియాలి కూడా. అర్ధరాత్రి పురిటి నొప్పులని కబురు వస్తే, ఆమె స్నానానికో మరెక్కడికో వెళ్లి ఉంటే, వారిలో ఎవరో ఒకరు ఫోన్ తెరిచి ఏఎన్ఎంకు (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సుకు) గానీ, గర్భిణి ఇంటికి గానీ ఫోన్ చేయవలసి రావచ్చు. 108కు అయితే తాళం తీయకుండానే అత్యవసర కాల్ బటన్‌తో చేయవచ్చు గానీ, మిగిలిన నంబర్లకు వీలుపడదు. అందువల్ల ఫోన్ మొత్తానికి రహస్య పిన్ పెట్టడం ఈ ఇంట్లో తప్పు పరిష్కారం అవుతుంది. విడివిడిగా యాప్‌లకు తాళం వేయడానికి నిజమైన కారణం ఇలాంటి ఇళ్ళల్లోనే ఉంది: ఫోన్ అందరిదీ, అందులోని కొన్ని గదులు మాత్రం ఒక్కరివి.

అయితే ఆ గదుల తాళంచెవి ఫోన్ తాళంచెవికి భిన్నంగా ఉండాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గూగుల్ ఫోటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ అని ఒకటి ఉంది. మంచి సదుపాయమే, కానీ అది ఫోన్ తెర తాళంతోనే తెరుచుకుంటుంది. భర్తకు ఫోన్ పిన్ తెలిసిన ఇంట్లో ఆ ఫోల్డర్‌లో దాచినదానికి భర్త నుంచి రక్షణ లేదు. ఐఫోన్‌లోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో యాప్ గుర్తు మీద కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే ఫేస్ ఐడీ తాళం వేసే వీలు, యాప్‌ను దాచే వీలు వచ్చాయి. కానీ ముఖం సరిపోకపోతే ఫోన్ పాస్‌కోడ్ అడుగుతుంది, అది తెలిసినవారు లోపలికి వెళ్ళిపోతారు. ఇంట్లో మరొకరి ముఖాన్ని ప్రత్యామ్నాయ రూపంగా నమోదు చేసి ఉంటే పాస్‌కోడ్ కూడా అక్కర్లేదు. శాంసంగ్ ఫోన్లలోని సెక్యూర్ ఫోల్డర్‌కు మాత్రం వేరే పిన్ గానీ ప్యాటర్న్ గానీ పెట్టుకోవచ్చు.

ఆండ్రాయిడ్ 15లో వచ్చిన ప్రైవేట్ స్పేస్‌కు కూడా వేరే తాళం పెట్టవచ్చు. అది కేవలం కాపలా కాదు, యాప్‌లకు విడిగా కట్టిన గది. అందులోని ఫోటోలు బయటి గ్యాలరీకి రావు. రిపోర్టు బయటపడిన తీరు చూస్తే అదే సరైనదని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ప్రైవేట్ స్పేస్‌కు తాళం పడగానే అందులోని యాప్‌లు ఆగిపోతాయి, వాటి నోటిఫికేషన్లు రావు. రాత్రి రెండు గంటలకు ‘ఉమ్మనీరు పోతోంది’ అని వచ్చే సందేశం తెల్లారాక కనబడితే, ఆ గోప్యతకు చెల్లించే ధర చాలా పెద్దది. ఆమె ఫోన్ వేరే వెర్షన్‌ది కాబట్టి ఆ ప్రశ్న తలెత్తలేదు గానీ, తలెత్తినా ఆమె వాట్సాప్‌ను అందులో పెట్టనిచ్చేవాడిని కాను.

చేసిన పని చివరకు ఇలా తేలింది. భర్తవి, కొడుకువి వేలిముద్రలు తొలగించి, వారికి పిన్ మాత్రం ఉంచాం. తయారీదారు ఇచ్చిన యాప్ లాక్‌ను ఆన్ చేసి, ఫోన్ పిన్‌తో సంబంధంలేని ప్యాటర్న్ పెట్టి, వాట్సాప్, గ్యాలరీ, ఫైళ్ళ యాప్, గూగుల్ ఫోటోస్, మెసేజెస్, ఆరోగ్య వివరాలు నమోదు చేసే యాప్‌లకు తాళం వేశాం. సెట్టింగ్స్ యాప్‌కూ వేశాం. లేకపోతే కొడుకు అక్కడినుంచే మళ్ళీ వేలిముద్ర చేర్చుకోగలడు. తాళం ‘తెర ఆరినప్పుడు’ కాకుండా ‘యాప్ వదిలిన వెంటనే’ పడేలా మార్చాం. ఇటీవలి యాప్‌ల వరుసలో చిన్న బొమ్మగా చాట్ కనబడకుండా, తాళం వేసిన యాప్‌ల నోటిఫికేషన్లలో పేరు, పాఠం లేకుండా కేవలం సందేశం వచ్చిందని తెలిసేలా పెట్టాం. ఈ చివరిది మరిచిపోతే మిగిలినదంతా వృథా, ఎందుకంటే బల్లమీద ఉన్న ఫోన్ తెర తనంతట తానే వెలిగి మొదటి రెండు వరుసలు అందరికీ చదివి వినిపించినట్టే చూపిస్తుంది.

ఆ తర్వాత ఫోటోలు. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ ఆఫ్ చేశాం, కానీ అది అప్పటినుంచి దించుకునే వాటికే వర్తిస్తుంది. అప్పటికే గ్యాలరీలో ఉన్న వందలకొద్దీ రిపోర్టులను కూర్చుని ఏరవలసి వచ్చింది. ఇద్దరం మూడు గంటలు చేశాం. నేను తెర చూడలేదు, ఆమె చూసి తీసివేస్తుంటే ఎలా చేయాలో మాత్రం చెప్పాను. నడుస్తున్న కేసులకు సంబంధించినవి ఫోన్‌లోని వేరే పాస్‌వర్డ్ గల ప్రైవేట్ ఆల్బమ్‌లోకి మార్చింది. మిగిలినవి చెరిపింది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను చెరిపితే అది 60 రోజులు బుట్టలో ఉంటుంది కాబట్టి బుట్టనూ ఖాళీ చేయించాను. కొడుకు ట్యాబ్‌కు వేరే జీమెయిల్ పెట్టాం.

ఫోన్‌పే విషయంలో ఎక్కువ చేయలేదు. యూపీఐ పిన్ ఆమెకే తెలుసు. యూపీఐ లైట్‌లో, అంటే చిన్న చెల్లింపుల కోసం ముందే విడిగా వేసి ఉంచుకున్న సొమ్ముకు మాత్రం పిన్ అడగదు, ఒక్కో చెల్లింపు 1,000 రూపాయల వరకు అలా వెళ్ళిపోతుంది. అది చెప్పాక ఆమె ఆ యాప్‌నూ తాళం జాబితాలో చేర్చింది.

మూడు వారాల తర్వాత ఆమె ఫోన్ చేసింది. ప్యాటర్న్ మరిచిపోయింది. తిరిగి తెరవాలంటే ఫోన్ తయారీ సంస్థ ఖాతా పాస్‌వర్డ్ కావాలి; ఆ ఖాతాను ఫోన్ కొన్నరోజు దుకాణంలో ఎవరో కుర్రవాడు తెరిచి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఫోన్ మొత్తం చెరిపేయడం తప్ప దారి లేదేమో అని ఒక పూటంతా ఆమె ఏడ్చింది. అదృష్టవశాత్తు ఖాతా ఆమె నంబరు మీదే ఉండడంతో ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చగలిగాం. ఈ పొరపాటు నాది. తాళం వేసే రోజునే, తాళం పోతే ఎలా తెరవాలో ఒకసారి చేసి చూపించి, ఖాతా వివరాలను కాగితం మీద రాయించి, ఆమె ఎవరూ తీయని చోట పెట్టుకునేలా చూడవలసింది. అప్పటినుంచి అది చేయకుండా నేను ఏ ఫోన్‌కూ యాప్ లాక్ పెట్టడం లేదు.

రెండో పొరపాటు ఇంకా తీవ్రమైనది. అదే రోజు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఆ ఖాతా తెరిచి ఉన్న ఇతర పరికరాల జాబితా) తెరిచి చూస్తే ఒక కంప్యూటర్ కనబడింది. మండల కేంద్రంలోని జిరాక్స్ షాపులో రిపోర్టులు ప్రింట్ తీయడానికి ఆమె వాట్సాప్ వెబ్ తెరిచి, లాగౌట్ చేయకుండా వచ్చింది. ఇలా జోడించిన కంప్యూటర్, ఫోన్‌లో వాట్సాప్‌ను 14 రోజులకు పైగా వాడకుండా ఉంటే తెగిపోతుంది. కానీ ఆమె రోజూ వాడుతుంది. నేను ఫోన్‌లో ఎన్ని తాళాలు వేసినా, ఆ షాపులో కుర్చీలో కూర్చున్న ఎవరికైనా ఆ మూడు వారాలూ ఆమె సందేశాలు తెరిచే ఉన్నాయి. మొదటి రోజునే నేను చూడవలసిన స్థలం అది. వెంటనే లాగౌట్ చేయించి, ప్రింట్ అవసరమైతే ఫైలును షాపు నంబరుకు పంపకుండా, ఆ ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇచ్చి, ప్రింట్ అయ్యాక కంప్యూటర్‌లో చెరిపించే పద్ధతి నేర్పాను. ఫోన్‌కు నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్ కొనుక్కుంది. ప్రతి నెల మొదటి తేదీన లింక్డ్ డివైసెస్ చూడడం ఇప్పుడు ఆమె అలవాటు.

రెండు నెలల తర్వాత వారి ఇంటికి వెళ్లినప్పుడు తాళాలు నిలిచి ఉన్నాయి. కొడుకు నా ముందే ఫోర్స్ స్టాప్ ప్రయత్నించాడు; సెట్టింగ్స్ దగ్గరే ఆగిపోయాడు. విసుగు మాత్రం తగ్గలేదు. రోజుకు ఎన్నిసార్లు వేలు పెట్టాలో లెక్కలేదని, ఎండలో తిరిగి చెమటపట్టిన వేలు ఒక్కోసారి పట్టదని ఆమె చెప్పింది. అయినా ‘30 నిమిషాలు’కు మళ్ళీ మార్చలేదు.

తాళంతో తీరని విషయం ఒకటి మిగిలింది. ఆమె ఫోన్‌లో ఆశా కార్యకర్తల గ్రూపు ఒకటుంది. అందులో రిపోర్టులు పేర్లతో సహా పెడుతున్నారు. ఒక ఫోన్‌కు ఎన్ని తాళాలు వేసినా అదే ఫోటో మరో పదకొండు ఫోన్ల గ్యాలరీలలో ఉంటుంది. ఆమే చొరవ తీసుకుని ఏఎన్ఎంతో మాట్లాడింది. ఇప్పుడు గ్రూపులో పేరు రాయడం ఆపి, తల్లీబిడ్డ కార్డు నంబరు చివరి అంకెలు మాత్రం రాస్తున్నారు. రిపోర్టును ఏఎన్ఎంకు ఒక్కరికే పంపుతున్నారు. పాత సందేశాలు ఎవరి ఫోన్‌లో వారు చెరుపుకోవలసిందే. ఆ పదకొండు మందిలో నలుగురి ఫోన్లు ఇప్పటికి చూశాను. మూడింటిలో వాట్సాప్‌కు తాళం ఉంది, మూడింటిలోనూ రిపోర్టులు గ్యాలరీలో ఉన్నాయి. మిగిలిన ఏడుగురితో వచ్చే నెల పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) వారి సమావేశం రోజున కూర్చుంటున్నాం. ఈసారి ఎలా చేయాలో చెప్పేది నేను కాదు, ఆమె.